చీమలు పాకితే మంచిదా, చెడ్డదా?

చెయ్యి తిమ్మిరెక్కుతోందని వెళితే డాక్టరు మణికట్టు మధ్యలో, అరచెయ్యి మొదలయ్యే చోట వేలితో టకటకా కొట్టి చూస్తారు. బొటనవేలి నుంచి మధ్యవేలి దాకా చీమలు పాకినట్టు జివ్వుమంటే, అక్కడ నరం నలుగుతోందేమోనని అనుమానిస్తారు. ఈ పరీక్ష పుట్టినప్పుడు మాత్రం ఆ చీమలు శుభవార్త మోసుకొచ్చేవి.

1915. మొదటి ప్రపంచ యుద్ధం. తూటాలకు నరాలు దెబ్బతిన్న సైనికులు ఫ్రాన్స్ ఆసుపత్రులకు వస్తూనే ఉన్నారు. నరం మళ్లీ చిగురిస్తోందో లేదో, కోసి చూడకుండా తెలిసేదెలా? జూల్ టినెల్ అనే నరాల వైద్యుడు నరం వెంబడి వేలితో కొట్టుకుంటూ పోయాడు. ఎక్కడ జివ్వుమంటే కొత్త చిగురు అక్కడికి చేరినట్టు. ఆ చోటు రానురానూ వేళ్ల వైపు జరిగితే నరం పెరుగుతున్నట్టే. పెరిగేది రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు, కాబట్టి నెలల తరబడి ఓపిక పట్టాలి. ఈ పరీక్షకు ఆయన పెట్టిన ఫ్రెంచి పేరులోనూ చీమలే ఉన్నాయి. అదే ఏడాది, కొన్ని నెలల ముందే, జర్మనీలో పాల్ హాఫ్‌మన్ ఇదే సంగతి రాశాడు. కందకాలకు అటొకరు, ఇటొకరు! పేరు మాత్రం ఎక్కువగా టినెల్‌కే దక్కింది.

యుద్ధగాయాల పరీక్షను మణికట్టు తిమ్మిర్లకు బాగా అలవాటు చేసినవాడు అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌కు చెందిన జార్జ్ ఫేలెన్. 1950ల నుంచి ఆయన మరో పరీక్షనూ ప్రచారంలోకి తెచ్చాడు. ముంజేతులు నిలువుగా పెట్టి, మణికట్లను ఓ నిమిషం పాటు వాటంతటవే కిందికి వాలనిచ్చి, తిమ్మిరెక్కుతుందేమో చూడాలి. ఇప్పుడు చాలామంది రెండు చేతుల వెనక భాగాలను ఆనించి, తిరగేసిన నమస్కారంలా నొక్కిస్తారు. అసలు పద్ధతిలో ఆ నొక్కుడు లేదు. తిమ్మిరి చిటికెనవేలికే పరిమితమైతే వేరే నరాన్ని అనుమానించాలి.

మోచేతిదీ ఇలాంటి కథే. టెన్నిస్ ఎల్బో అంటాం గానీ తడిబట్టలు పిండేవాళ్లకూ, స్క్రూలు తిప్పేవాళ్లకూ రాకెట్టుతో పనేముంది? మణికట్టు వంచి, అరచెయ్యి నేలవైపు తిప్పి, మోచెయ్యి చాపిస్తే బయటివైపు ఎముక దగ్గర కలుక్కుమంటుంది. మిల్స్ పరీక్ష ఇదే. బ్రిటన్‌లో పెర్సివల్ మిల్స్ 1928లో దీన్ని రాసింది నొప్పి పట్టుకోవడానికి కాదు, వదిలించడానికి. అప్పుడది చికిత్స!

అన్నిటికన్నా పెద్ద పొరపాటు బొటనవేలిది. పసిబిడ్డను చంకల కింద పట్టుకుని ఎత్తీ ఎత్తీ బాలింతలకు బొటనవేలి మొదట్లో వచ్చే నొప్పి గురించి వినే ఉంటారు. ఈ జబ్బున్న ఐదుగురి గురించి స్విస్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వేన్ 1895లో రాశాడు. దీన్ని పట్టుకోవడానికి బొటనవేలిని పిడికిట్లో దాచి మణికట్టును చిటికెనవేలి వైపు వంచడం 1927లో ఐకాఫ్ అనే వైద్యుడు చెప్పిన పద్ధతి. 1930లో హ్యారీ ఫింకెల్‌స్టైన్ చెప్పింది వేరు: వైద్యుడే రోగి బొటనవేలు పట్టుకుని చేతిని అటు వంచాలి. అయినా ఐకాఫ్ పద్ధతినే చాలా చోట్ల ఫింకెల్‌స్టైన్ పరీక్ష అంటున్నారు. చిక్కేమిటంటే, ఏ జబ్బూ లేని చేతికి కూడా ఐకాఫ్ పద్ధతి నొప్పి పుట్టించగలదు. కావాలంటే బొటనవేలు పిడికిట్లో పెట్టి ఓసారి వంచి చూడండి, నెమ్మదిగా.