మధుమేహము - నర్సు నేర్పు పాఠము

విజయవాడవద్ద కృష్ణానదిపై 1855లో ఆనకట్ట పూర్తియైనది. దానికి బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. కాలువల నీటితో డెల్టా అంతయు వరిపొలములతో నిండినది. పిమ్మట నాగలి స్థానమున ట్రాక్టరు, దంపుడు బియ్యము స్థానమున మరపట్టిన తెల్లబియ్యము వచ్చినవి. కంచములో అన్నము తగ్గలేదు. ఒంటికి చెమట తగ్గినది. ఇట్టి మార్పు కలిగిన దేశములన్నిటను మధుమేహము పెరిగినది.

పొరుగుననే యున్న గోదావరి జిల్లాలలో 20 గ్రామములందు 30 ఏండ్లు నిండిన 4,535 మందిని పరీక్షించిరి. ఆ ఫలితములు 2006లో వెలువడినవి. నూటికి సుమారు 13 మందికి మధుమేహమున్నట్లు తేలినది. వారిలో ఇంచుమించు సగము మందికి తమకు వ్యాధి యున్నదని తెలియనే తెలియదు!

క్లోమము స్రవించు ఇన్సులిన్ చాలకున్నను, శరీరమునందు అది సరిగా పనిచేయకున్నను రక్తములో గ్లూకోజు పెరుగును. ఇది టైఫాయిడువలె కొన్ని వారములలో తగ్గిపోవు జబ్బు కాదు. వైద్యుడు రోగిని చూచునది నెలకు కొన్ని నిమిషములే. మిగిలిన కాలమంతయు తిండి, నడక, మందు చూచుకొనవలసినది రోగియే. కావున ఈ వ్యాధికి చదువుకూడ చికిత్సలో భాగము.

ఈ సత్యమును మొదట గ్రహించినవారిలో అమెరికాలోని బోస్టన్ నగర వైద్యుడు ఇలియట్ జాస్లిన్ ఒకడు. రోగులకును ఉపయోగపడునట్లు ఆయన 1918లోనే మధుమేహముపై పుస్తకము వ్రాసెను. 1921లో టొరొంటోలో బాంటింగ్, బెస్ట్‌లు ఇన్సులిన్‌ను వేరుచేసిరి. 1922 ఆగస్టులో జాస్లిన్ తొలిసారి ఆ మందిచ్చిన రోగి ఎలిజబెత్ మడ్జ్ స్వయముగా నర్సు. సూదిమందు చేతికి వచ్చినది. కాని ఇంటివద్ద దానిని ఎంత, ఎప్పుడు పొడుచుకొనవలెనో నేర్పువారెవరు? జాస్లిన్ నర్సులకు శిక్షణ యిచ్చి రోగుల యిండ్లకు పంపెను.

1965లో కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డ్ అను నర్సు, హెన్రీ సిల్వర్ అను వైద్యుడు కలిసి ‘నర్స్ ప్రాక్టీషనర్’ శిక్షణను ఆరంభించిరి. మొదట అది బాలవైద్యమునకు ఉద్దేశింపబడినది. క్రమముగా మధుమేహమువంటి దీర్ఘవ్యాధులకును వ్యాపించినది.

భారతదేశమున 2018లో ఆయుష్మాన్ భారత్ పథకము ఈ భావమునకు మరియొక రూపమిచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో బి.ఎస్‌సి. నర్సింగు చదివినవారిని గ్రామ ఉపకేంద్రములలో నియమించిరి. ముప్పదియేండ్లు దాటినవారికి వ్రేలికొనపై రక్తపుబొట్టు తీసి పరీక్షించుట, అనుమానమున్నవారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపుట, వైద్యుడు నిర్ణయించిన మందు ఆగకుండ అందించుట వారి పనులు. వారు వైద్యునికి బదులు కారు. వైద్యునికిని రోగికిని నడుమ వంతెన.

ఒక్క ఉదాహరణము చూడుడు. మధుమేహము ముదిరినచో పాదములలోని నరములు మొద్దుబారును. వట్టికాళ్లతో వరిమడిలో దిగిన రైతుకూలీకి గాజుపెంకు గ్రుచ్చుకొన్నను నొప్పి తెలియదు. గాయము చీము పట్టి, తుదకు కాలు తీయవలసిరావచ్చును. నర్సు చేతిలో సన్నని నైలాను పోగు ఉండును. పాదముపై ఆనించి నొక్కినపుడు అది 10 గ్రాముల ఒత్తిడికి వంగును. ఆ స్పర్శ తెలియనివాని పాదమునకు అపాయము పొంచియున్నట్లే. అట్టివానికి ప్రతిరాత్రి పాదములు చూచుకొనుమనియు, చెప్పులు విడువవద్దనియు ఆమె నేర్పును. పోగు ఖరీదు స్వల్పము. కాపాడునది ఒక కుటుంబపు జీవనాధారము.

అయితే ఉపకేంద్రమున మందులు నిండుకొన్నను, నర్సు నిలుకడగా ఉండకున్నను ఈ పాఠము మధ్యలో ఆగిపోవును. ఇన్సులిన్ కనుగొని నూరేండ్లు దాటినది. దానిని రోగి బ్రతుకులో ఇమిడ్చి చూపు గురువు ప్రతి ఊరిలో ఉన్నపుడే ఆ ఆవిష్కరణము సార్థకమగును.