మాస్టర్ గార్డెనర్ కార్యక్రమం

పెరట్లో కూరగాయలు, పూలు, పండ్ల మొక్కలు పెంచుకునేవారికి సలహాలిచ్చేందుకు విశ్వవిద్యాలయాలు స్థానికులకే శిక్షణనిచ్చి, స్వచ్ఛంద సేవకులుగా తయారుచేసే విధానమే మాస్టర్ గార్డెనర్ కార్యక్రమం. ఇది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1973లో మొదలై, తర్వాత ఆ దేశమంతటికీ, కెనడా, దక్షిణ కొరియాలకూ విస్తరించింది. నేర్చుకున్నవారు నిర్ణీత గంటలు ప్రజాసేవ చేయాలన్నది దీని మూల నియమం.

నేపథ్యం

అమెరికాలో 1862 నాటి మోరిల్ చట్టం రాష్ట్రాలకు భూములిచ్చి, వాటి మీద వచ్చిన సొమ్ముతో వ్యవసాయం, ఇంజినీరింగ్ నేర్పే కళాశాలలు పెట్టించింది. 1887 నాటి హాచ్ చట్టం వాటికి పరిశోధన కేంద్రాలను జోడించింది. అయితే పరిశోధన పుస్తకాల్లో ఉండిపోతే రైతుకు ఒరిగేదేమీ లేదు. 1906లో అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థ పనిముట్లు, విత్తనాలతో ఒక బండిని పల్లెలకు పంపింది. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ రూపకల్పన చేసిన ఆ ‘జెసప్ బండి’ని థామస్ క్యాంప్‌బెల్ నల్లజాతి రైతుల ముంగిళ్లకు తీసుకెళ్లాడు. చదువును పొలం గట్టు దాకా నడిపించిన ఇలాంటి ప్రయత్నాల తర్వాత, 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చింది. దానితో ప్రతి రాష్ట్రంలోనూ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, పరిశోధన ఫలితాలను రైతులకు చేర్చే విస్తరణ సేవ ఏర్పడి, కౌంటీలకు విస్తరణాధికారులు వచ్చారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ‘విజయ తోటల’ పేరిట ఇళ్ల దగ్గర కూరగాయలు పండించమని ప్రభుత్వం పిలుపునిచ్చింది. దాదాపు 2 కోట్ల తోటలు వెలిశాయని అంచనా. యుద్ధం ముగిశాక నగరాల చుట్టూ కొత్త కాలనీలు పెరిగాయి. పొలాలున్న చోట ఇళ్లు, ఇళ్ల ముందు పచ్చిక, పెరట్లో మొక్కలు వచ్చాయి. రైతుల కోసం ఏర్పడిన కార్యాలయాలకు గృహస్థుల ప్రశ్నలు మొదలయ్యాయి.

ఆరంభం

1970ల తొలినాళ్లలో సియాటిల్, టకోమా నగరాలున్న కింగ్, పియర్స్ కౌంటీలలో ఈ ప్రశ్నలు వెల్లువెత్తాయి. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ విస్తరణాధికారి డేవిడ్ గిబీ రేడియో, టీవీల ద్వారా సలహాలిచ్చి చూస్తే ఫోన్లు తగ్గకపోగా పెరిగాయి. అనుభవమున్న తోటమాలులకు శాస్త్రీయ శిక్షణనిచ్చి, వారిచేతనే జవాబులు చెప్పించాలన్న ఆలోచన అప్పుడు పుట్టింది. సేవకులు తప్పు సలహాలిస్తారేమోనని విశ్వవిద్యాలయ నిపుణుల్లో కొందరు సందేహించారు. 1972లో టకోమా మాల్‌లో ప్రయోగాత్మకంగా పెట్టిన మొక్కల సలహా కేంద్రానికి జనం బాగా రావడంతో దీని అవసరం రుజువైంది. ‘సన్‌సెట్’ పత్రికలో వచ్చిన వ్యాసం చూసి వందల మంది దరఖాస్తు చేశారు. తొలి శిక్షణ తరగతులు 1973లో జరిగాయి. కార్యక్రమం పేరు తోటపనిలో నైపుణ్యం సాధించినవారికి జర్మనీలో ఇచ్చే బిరుదు నుంచి వచ్చింది.

విస్తరణ

పొరుగున ఉన్న ఆరెగన్ రాష్ట్రం 1976లో ఈ పద్ధతిని అందుకుంది. తర్వాత అన్ని రాష్ట్రాలూ చేపట్టాయి. 2009 నాటి జాతీయ సర్వే ప్రకారం సేవకుల సంఖ్య దాదాపు 95 వేలు. 2020లో కోవిడ్ వల్ల ఇళ్లకే పరిమితమైన జనం విత్తనాలు నాటడం మొదలుపెట్టారు. అప్పుడు ఆరెగన్ స్టేట్ యూనివర్సిటీ తన ఆన్‌లైన్ కూరగాయల పెంపకం తరగతిని కొంతకాలం ఉచితం చేస్తే, 40 వేల మందికి పైగా చేరారు.

శిక్షణ, సేవ

వృక్షశాస్త్రం, నేలలు, ఎరువులు, పురుగులు, తెగుళ్లు, కలుపు, కొమ్మల కత్తిరింపు, పురుగుమందుల జాగ్రత్తలు పాఠ్యాంశాల్లో ఉంటాయి. శిక్షణ, సేవల గంటలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. గుర్తింపు నిలుపుకోవాలంటే ఏటా కొంత సేవ, కొంత చదువు తప్పవు. ఆ హోదాను వ్యాపారానికి వాడుకోకూడదు. సలహాకు పరిశోధన ఆధారం ఉండాలి. జవాబు తెలియకపోతే తెలుసుకుని చెప్పాలి.

సేవకులు సంతల్లో, గ్రంథాలయాల్లో సలహా కేంద్రాలు నడుపుతారు, ఫోన్లకు జవాబిస్తారు, ప్రదర్శన తోటలు పెంచుతారు, బడి పిల్లలకు తోటపని నేర్పుతారు. వ్యాధి నిర్ధారణ వీరి పనిలో కీలకం. ఆకు పసుపు రంగుకు తిరిగిందంటే నత్రజని లోపం కావచ్చు, ఇనుము అందకపోవడం కావచ్చు, నీరు నిలిచి వేరు కుళ్లడమూ కావచ్చు. అందుకే ముందు ప్రశ్నలు అడుగుతారు, ఆకునూ వేరునూ పరీక్షిస్తారు, అవసరమైతే నమూనాను ప్రయోగశాలకు పంపమంటారు. పురుగును గుర్తించాకే నివారణ చెబుతారు. చేత్తో ఏరేయడం, మిత్రకీటకాలను కాపాడడం వంటివి చాలకపోతేనే మందుల మాట ఎత్తుతారు.

సలహా ఇచ్చేవారు స్థానికులు కావడమే ఈ పద్ధతి బలం. వాషింగ్టన్ రాష్ట్రంలోనే కాస్కేడ్ పర్వతాలకు పడమట వానలు, ఆమ్ల నేలలు. తూర్పున పొడి వాతావరణం. పడమట పనికొచ్చే సున్నం సలహా తూర్పున నష్టం చేయవచ్చు. ఆ తేడా అక్కడ తోట పెంచినవారికి అనుభవంలో ఉంటుంది.

పరిమితులు

పగటి తరగతులు, రుసుముల వల్ల సేవకుల్లో పదవీ విరమణ చేసినవారు, మధ్యతరగతి వారే ఎక్కువయ్యారు. సాయంత్రం, ఆన్‌లైన్ తరగతులతో, ఇతర భాషల్లో బోధనతో చాలా రాష్ట్రాలు ఈ లోటు పూడ్చే ప్రయత్నం చేస్తున్నాయి.

తెలుగు నేలతో సంబంధం

ఈ కార్యక్రమానికి తల్లివేరు అయిన, మోరిల్ చట్టంతో వచ్చిన ‘ల్యాండ్-గ్రాంట్’ విశ్వవిద్యాలయాల నమూనాలోనే భారతదేశంలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. 1964లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మొదలైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ సహకరించింది. విస్తరణ విద్య ఇక్కడా పాతుకుంది గాని, ప్రధానంగా రైతుల కోసమే సాగింది. నగరాల్లో మిద్దెతోటల వారు ఒకరికొకరు విత్తనాలు పంచుకుంటూ, సందేహాలు తీర్చుకుంటూ సొంతంగా ముందుకొచ్చారు. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన మిద్దెతోట అనుభవాలు పంచి ఎందరినో ఈ దారి పట్టించారు. అనుభవం, ఉత్సాహం, ఇచ్చే గుణం వీరిలో ఉన్నాయి. వీరికి క్రమబద్ధమైన శిక్షణ, ప్రయోగశాల అండ అందించే పనిని మన వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలు చేపడితే, గిబీ మొదలుపెట్టిన పద్ధతి ఇక్కడి ఇళ్లకూ మేలు చేస్తుంది.