ఒక్క పెన్నీ పిల్లనగ్రోవి: ఐరిష్ టిన్ విజిల్ చరిత్ర, ఎంపిక, వాదనరీతి

వ్యాససంగ్రహం:

ఐర్లండు సంప్రదాయ సంగీతంలో టిన్ విజిల్‌ది విలక్షణమైన స్థానం. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో కార్ఖానా సరుకుగా తయారై, పెన్నీ ధరకు అమ్ముడై, పిల్లల బొమ్మగా లెక్కకు వచ్చిన ఈ రేకు గొట్టం ఇరవయ్యో శతాబ్దం ముగిసేనాటికి ఒక జాతి సంగీతానికి గుర్తుగా నిలిచింది. ఈ పరిణామంలో ధర నిర్వహించిన పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చౌకతనం ఈ వాద్యానికి అంటుకున్న లోపం కాదనీ, దాని వ్యాప్తినీ, ఎంపిక పద్ధతినీ, గమకశైలినీ తీర్చిదిద్దిన కారణాలలో ముఖ్యమైనదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: టిన్ విజిల్, పెన్నీ విజిల్, ఐర్లండు జానపద సంగీతం, వాద్యనిర్మాణం, గమకం, క్వేలా.

1. ఉపోద్ఘాతం:

1997లో విడుదలైన ‘టైటానిక్’ చిత్రంలోని ప్రసిద్ధ గీతం మొదట్లో వినిపించే సన్నని ఈలనాదం తెలుగు శ్రోతలకూ పరిచితమే. ఆ నాదం టిన్ విజిల్‌ది. ‘విజిల్’ అనగానే పోలీసు చేతిలోనో, ఆటల న్యాయనిర్ణేత మెడలోనో ఉండే ఈల స్ఫురిస్తుంది. ఇది అది కాదు. సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, ఆరు రంధ్రాలు కలిగి, నిలువుగా పట్టుకొని ఊదే లోహపు పిల్లనగ్రోవి ఇది.

సంగీతవాద్యం విలువను దాని ధరతోనూ, దాన్ని చేసిన శిల్పి పేరుతోనూ ముడిపెట్టి చూడడం లోకసహజం. టిన్ విజిల్ చరిత్ర ఈ దృష్టికి ఎదురు నిలుస్తుంది. దీని సంప్రదాయంలో గొప్ప వాదకుల పేర్లు నిలిచాయి గాని, చాలాకాలం గొప్ప నిర్మాతల పేర్లు నిలవలేదు. ఇందుకు కారణమేమిటన్నది ఈ వ్యాసానికి మూలప్రశ్న.

2. పూర్వరూపాలు:

గాలిదారిని ఒక బిరడాతో ఇరుకు చేసి, ఆ గాలి పదునైన అంచుకు తగిలేలా అమర్చిన పిల్లనగ్రోవులు ఐరోపాలో మధ్యయుగాల నుండి ఉన్నాయి. డబ్లిన్ నగరంలోని హై స్ట్రీట్ తవ్వకాలలో పన్నెండో శతాబ్దపు ఎముక పిల్లనగ్రోవులు లభించాయి. ‘ఫ్యడాన్’ అనే ఊదే వాద్యం ప్రస్తావన ప్రాచీన ఐరిష్ రచనలలో కనిపిస్తుంది. నేటి టిన్ విజిల్‌కు ఐరిష్ భాషలో ఉన్న ‘ఫ్యడోగ్ స్టాన్’ అనే పేరు ఆ మాటకు బంధువే. ‘స్టాన్’ అంటే తగరం.

పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులోనూ ఇంగ్లండులోనూ ‘ఫ్లాజొలెట్’ అనే కొయ్య వాద్యం సంపన్నుల ఇళ్ళలో వినోదసాధనంగా వర్ధిల్లింది. అయితే కొయ్యను తొలిచి చేసే వాద్యానికి నేర్పరి చేయి కావాలి, సమయం పడుతుంది, ధర పెరుగుతుంది. కూలివాడి జేబుకు అందే వాద్యం రావాలంటే ముడిపదార్థమే మారవలసి వచ్చింది.

3. రేకు, ఇత్తడి, ప్లాస్టిక్:

ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో కోనీ వెస్టన్ గ్రామానికి చెందిన రాబర్ట్ క్లార్క్ వ్యవసాయ కూలీ. ఆయన 1843లో తన కొయ్య పిల్లనగ్రోవిని నమూనాగా తీసుకొని తగరపు పూత పూసిన రేకుతో వాద్యాన్ని చేశాడనీ, తరువాత కొడుకును వెంటబెట్టుకొని తోపుడుబండితో మాంచెస్టర్‌కు నడిచి వెళ్ళి అక్కడ తయారీ ప్రారంభించాడనీ ఆ సంస్థ పరంపరగా చెప్పుకొనే కథనం. ఈ వాద్యాలను ‘మెగ్’ అనేవారు. నాటి వాడుకభాషలో ఆ మాటకు అరపెన్నీ అని అర్థం. ‘పెన్నీ విజిల్’ అనే పేరు కూడా ఇటువంటిదే. వేణువు వంటి పేరు పదార్థాన్ని బట్టి ఏర్పడగా, ఈ వాద్యం తన ధరనే పేరుగా ధరించింది.

క్లార్క్ పద్ధతిలో పలుచని రేకును కిందికి సన్నబడే శంకువు ఆకారంలో చుట్టి, అంచులు కలిపి, పై కొసలో కొయ్య బిరడా బిగిస్తారు. తొలచవలసిన పని లేదు. రేకు కత్తిరింపు, చుట్టడం, రంధ్రాలు పొడవడం అన్నీ అచ్చుపనులే. పారిశ్రామిక విప్లవంలో భాగంగా రేకు పరిశ్రమ విస్తరించడంతో ముడిసరుకు చౌకయింది.

రెండో దశలో ఇత్తడి గొట్టం వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో తయారైన ‘జనరేషన్’ విజిళ్ళు శంకువు ఆకారాన్ని విడిచి, పొడవునా ఒకే వ్యాసం గల గొట్టాన్ని స్వీకరించాయి. మొదట సీసపు బిరడాలు వాడినా, తరువాత అచ్చుపోసిన ప్లాస్టిక్ తల వచ్చింది. మూడో దశ 1978లో డబ్లిన్‌లో ‘ఫ్యడోగ్’ విజిళ్ళ తయారీతో మొదలైంది. అంటే ఐర్లండు తన గుర్తుగా భావించే ఈ చౌక వాద్యంలో చాలాభాగం అంతకుముందు ఇంగ్లండు కార్ఖానాల నుండే వచ్చింది.

4. ఇంగ్లండు సరుకు ఐర్లండు వాద్యమైన తీరు:

పరాయి దేశపు కార్ఖానా సరుకు స్వదేశీ వాద్యంగా ఎలా మారింది? ఇందుకు వలసలు ఒక కారణం. 1840 దశకంలో మాంచెస్టర్‌లో ఐరిష్ కూలీలు పెద్దసంఖ్యలో ఉండేవారు. ఏంగెల్స్ 1845లో ప్రచురించిన గ్రంథంలో ఆ నగరంలోని ‘లిటిల్ ఐర్లండ్’ అనే మురికివాడను వర్ణించాడు. క్లార్క్ తయారీకి దిగిన నగరం, ఐరిష్ శ్రామికులు చేరిన నగరం ఒకటే కావడం గమనించదగినది.

రెండో కారణం ఐర్లండులోనే ఉంది. అక్కడి సంప్రదాయ సంగీతంలో అగ్రస్థానం ‘ఇలన్ పైప్స్’ అనే తిత్తి వాద్యానిది. అది ఖరీదైనది, సంక్లిష్టమైనది. 1845 నుండి సాగిన మహాక్షామం, దానివెంట వచ్చిన వలసలు గ్రామాలను ఖాళీ చేశాయి. పైపు వాదకులకు ఆదరణ తగ్గింది. వాద్యం కొనే శక్తి లేని ఇంట బాణీలు నిలవాలంటే అందుబాటులో ఉండే సాధనం అవసరమైంది. ఆ పని టిన్ విజిల్ చేసింది. క్లేర్ కౌంటీకి చెందిన పైపు వాదకుడు విల్లీ క్లాన్సీ, ‘చీఫ్టెయిన్స్’ బృందాన్ని 1962లో స్థాపించిన పాడీ మొలోనీ వంటి వారు విజిల్‌తో మొదలుపెట్టి పైప్స్‌కు చేరినవారే.

మూడో కారణం సంస్థాగతమైనది. 1951లో ఏర్పడిన ‘కోల్తస్’ సంస్థ ఏటా జరిపే సంగీతోత్సవాలలో టిన్ విజిల్‌కు ప్రత్యేక పోటీవిభాగం కల్పించింది. పాఠశాలల్లో పిల్లలకు నేర్పే మొదటి వాద్యంగా కూడా ఇది స్థిరపడింది. తరగతిలోని ప్రతి పిల్ల చేతిలోనూ సొంత వాద్యం ఉండడం ధర వల్లనే సాధ్యమైంది.

5. నిర్మాణం, స్వరవ్యవస్థ:

వేణువులో గాలి ఏ కోణంలో రంధ్రపు అంచుకు తగలాలో పెదవులు నిర్ణయిస్తాయి. ఆ మెలకువ పట్టుబడడానికే వారాలు పడుతుంది. విజిల్‌లో ఆ కోణాన్ని బిరడా ముందే స్థిరపరుస్తుంది. అందుకే మొదటిసారి ఊదినవారికి కూడా స్వరం పలుకుతుంది.

ఎక్కువగా వాడుకలో ఉన్నది ‘డి’ శ్రుతి విజిల్. ఆరు రంధ్రాలూ మూస్తే షడ్జం పలుకుతుంది. కింది నుండి ఒక్కొక్క వేలు ఎత్తుకుంటూ పోతే వచ్చే సప్తస్వరాలు కర్ణాటక పద్ధతిలో ధీరశంకరాభరణ స్వరాలు. గాలి కాస్త పెంచితే అవే వేళ్ళతో పైస్థాయి వస్తుంది. పై రంధ్రం తెరచి, రెండు మూడు రంధ్రాలు మూసి, తక్కినవి తెరిస్తే కాకలి నిషాదానికి బదులు కైశికి నిషాదం లభిస్తుంది. అప్పుడు హరికాంభోజి స్వరాలు ఏర్పడతాయి. మొదటి స్వరవరుసలోనే రిషభాన్ని షడ్జంగా భావించి గ్రహభేదం చేస్తే ఖరహరప్రియ స్వరాలు వస్తాయి. ఐరిష్ బాణీలలో అధికభాగం ఈ మూడు స్వరసముదాయాలలో ఇమిడిపోతుంది. ఆరు రంధ్రాల సాదా గొట్టం ఆ సంగీతానికి చాలినంత కావడానికి కారణం ఇదే. బృందవాదనంలో ఫిడేలు, పైప్స్, అకార్డియన్‌లతో శ్రుతి కలవాలి. కాబట్టి కొత్తవారు ఇతర శ్రుతుల కన్న ‘డి’ విజిల్‌నే మొదట కొనడం ఆచారం.

6. ఎంపిక వాదకుని పనిగా మారడం:

ఖరీదైన వాద్యాన్ని శిల్పి తానే ఊది, లోపాలు సరిదిద్ది కొనుగోలుదారుకు అందిస్తాడు. ఆ శ్రమ విలువ ధరలో కలిసి ఉంటుంది. పెన్నీ వాద్యంలో ఆ శ్రమకు చోటు లేదు. ఒకే అచ్చు నుండి వచ్చినా గాలిదారి ఎత్తులో, అంచు పదునులో వెంట్రుకవాసి తేడా నాదాన్ని మార్చివేస్తుంది. కాబట్టి నిర్మాత వదిలేసిన చివరిమెట్టు వాదకుని మీద పడింది. దుకాణంలో ఒకే రకం విజిళ్ళను అనేకం ఊది చూసి ఒకటి ఏరుకోవడం ఈ విధంగా వాదకవిద్యలో భాగమైంది.

ఈ పరీక్షలో చూడదగిన అంశాలు నాలుగు. మొదటిది, మంద్రపు షడ్జం మెల్లగా ఊదినప్పుడు పైస్థాయికి జారిపోకుండా నిలవాలి. రెండోది, రెండు స్థాయిల మధ్య శ్రుతి చెడకూడదు. మూడోది, వేళ్ళ కూర్పుతో పలికే కైశికి నిషాదం నిలకడగా ఉండాలి. నాలుగోది, పైస్థాయి ధైవత నిషాదాలు కీచుగా అరవకూడదు. నాదంలో కలిసే గాలిచప్పుడు మాత్రం అభిరుచిని బట్టి గుణమో దోషమో అవుతుంది. క్లార్క్ విజిల్‌లో గాలి ఎక్కువ ఖర్చవుతుంది, నాదం మృదువుగా, గాలి కలిసినట్టుగా ఉంటుంది. ఇత్తడి విజిల్ నాదం స్పష్టంగా, పదునుగా ఉంటుంది.

ఎంపికతో పని ముగియదు. ప్లాస్టిక్ తల గల విజిల్‌ను వేడినీటిలో ఉంచి జిగురును వదులు చేసి, తలను పైకీ కిందికీ జరిపి శ్రుతి సరిచేసుకుంటారు. తల లోపల గాలిదారి కింద ఉండే బోలును మెత్తని జిగురుముద్దతో పూడ్చి కీచుదనాన్ని తగ్గిస్తారు. క్లార్క్ విజిల్‌లోనైతే అంచురేకును సుతారంగా వంచి గాలి తగిలే తీరు మారుస్తారు. ఈ చిన్న మరమ్మతులను నిస్సంకోచంగా చేయగలగడానికి కూడా ధరే కారణం. పాడైతే పోయేది ఒక చౌక వస్తువే కదా!

అయితే తొలినాళ్ళలో వినిపించే అపస్వరాలన్నీ వాద్యదోషాలు కావు. వేలికొసతో గాక వేలి మెత్తతో రంధ్రాన్ని పూర్తిగా కప్పకపోతే గాలి కారి స్వరం కీచుమంటుంది. కింది స్థాయికి శ్వాస చాలా తక్కువ కావాలన్నది కూడా నేర్చుకునేవారు ఆలస్యంగా గ్రహించే విషయం.

7. పరిమితి నుండి గమకం:

ఈ వాద్యంలో బిగ్గరగా, మెల్లగా ఊదే వెసులుబాటు దాదాపు లేదు. గాలి పెంచితే శ్రుతి పెరుగుతుంది, ఇంకా పెంచితే స్థాయే మారుతుంది. కాబట్టి స్వరానికి ఊనిక ఇవ్వడానికి వేళ్ళనూ నాలుకనూ ఆశ్రయించవలసి వచ్చింది. పై వేలిని రెప్పపాటు ఎత్తడం ‘కట్’, కింది వేలితో రంధ్రాన్ని తట్టడం ‘స్ట్రైక్’, ఈ రెంటినీ ఒకే స్వరంపై వరుసగా కూర్చడం ‘రోల్’. ఈ గమకాలలో పైప్స్ ప్రభావం స్పష్టం. తిత్తి నుండి ఎడతెగక వచ్చే గాలిలో ఒకే స్వరాన్ని రెండుసార్లు విడిగా పలికించడానికి వేళ్ళ కదలికే ఆధారం. ఊపిరి తీసుకోవడానికి ఏ స్వరాన్ని వదలాలన్న నిర్ణయం కూడా బాణీకి కొత్త రూపమిస్తుంది.

ఈ పరిధిలోనే ఎంత వైవిధ్యం సాధ్యమో ఇద్దరు వాదకులు చూపారు. క్లేర్ కౌంటీలోని డూలిన్‌కు చెందిన మికో రసెల్ (1915–1994) వాదనం నిరాడంబరం. తక్కువ గమకాలతో, బాణీ అస్థిపంజరాన్ని స్పష్టంగా నిలిపే తీరు ఆయనది. 1979లో వెలువడిన మేరీ బెర్గిన్ రికార్డు వేగానికీ గమకసమృద్ధికీ ప్రమాణమైంది. ఆ రికార్డుకు ఆమె పెట్టిన పేరు ‘ఫ్యడోగా స్టాన్’, అంటే టిన్ విజిళ్ళు. బొమ్మగా భావించిన వస్తువు పేరే రికార్డు పేరు కావడం దాని స్థాయి మారిందనడానికి నిదర్శనం.

8. చౌకతనపు ఇతర దారులు:

ధర పాత్రను నిర్ధారించడానికి దక్షిణాఫ్రికా ఉదాహరణ ఉపకరిస్తుంది. 1950 దశకంలో జొహానెస్‌బర్గ్ పరిసరాల నల్లజాతి బస్తీలలో కుర్రవాళ్ళు పెన్నీ విజిల్‌పై ‘క్వేలా’ అనే వీధిసంగీతాన్ని సృష్టించారు. స్పోక్స్ మాషియానే 1954లో చేసిన రికార్డు ఆ శైలికి ప్రాచుర్యం తెచ్చింది. 1958లో ‘టామ్ హార్క్’ అనే క్వేలా బాణీ బ్రిటన్‌లోనూ ప్రజాదరణ పొందింది. అదే ఏడాది మాషియానే శాక్సఫోన్ చేపట్టాడు. తరువాతి దశకంలో శాక్సఫోన్ ముందుకు వచ్చి విజిల్ వెనుకబడింది. అక్కడ విజిల్ మరో వాద్యానికి మెట్టుగా మిగిలింది. ఐర్లండులో పోటీలు, పాఠశాలలు దానికి స్వతంత్ర ప్రతిపత్తి కల్పించడం వల్ల అది గమ్యంగా కూడా నిలిచింది.

భారతదేశంతో ఒక సంబంధం కూడా ఈ చరిత్రలో ఉంది. ఐరిష్ వాదకుడు ఫిన్‌బర్ ఫ్యూరీకి ఇష్టమైన భారతీయ వెదురు పిల్లనగ్రోవి సంగీతయాత్రలో ధ్వంసమైంది. దాని స్థానంలో 1971లో బెర్నార్డ్ ఓవర్టన్ అల్యూమినియం గొట్టంతో మంద్రశ్రుతి విజిల్ రూపొందించాడు. నేటి ‘లో విజిల్’ సంప్రదాయానికి అది ఆది. దానితో నిర్మాత పేరుకు, చేతిపనికి, అందుకు తగిన ధరకు ఈ కుటుంబంలో చోటు ఏర్పడింది. అయినా ఇత్తడి గొట్టపు చౌక విజిల్ స్థానం చెక్కుచెదరలేదు.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• టిన్ విజిల్ ఐరిష్ వాద్యం కావడం దాని తయారీ వల్ల కాదు, దానిపై నిలిచిన బాణీల వల్ల, వాదనరీతి వల్ల.
• క్షామం, వలసల నడుమ ఖరీదైన వాద్యాలు దూరమైన ఇళ్ళలో బాణీలు కొనసాగడానికి దీని ధర తోడ్పడింది.
• తక్కువ ధర నిర్మాత శ్రమను తగ్గించి, ఆ మేరకు ఎంపిక, మరమ్మతు అనే బాధ్యతలను వాదకునికి బదిలీ చేసింది. నిర్మాతల పేర్లకన్న వాదకుల పేర్లు నిలవడానికి ఇది ప్రధాన కారణం.
• బలాబలాలు పలికించలేని పరిమితి వేలి గమకాలను ప్రధానం చేసి, ప్రత్యేకశైలికి ఆధారమైంది.

వాద్యచరిత్రలు సాధారణంగా రాజాస్థానాలనూ, శిల్పుల కార్యశాలలనూ అనుసరించి సాగుతాయి. కూలివాడి జేబులో, బడిపిల్ల సంచిలో ఇమిడే వాద్యానికి కూడా అంతటి చరిత్ర ఉంటుందనడానికి టిన్ విజిల్ సాక్ష్యం.