ఆకాశ్ పలకపై వేలు, కలం

మీరు పలకపై బలపంతో దిద్దిన రోజులు గుర్తున్నాయా? కంప్యూటర్ పలకకు ఆ గుణం సులువుగా అబ్బలేదు.

2011 అక్టోబరు 5న ఢిల్లీలో నాటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ విద్యార్థుల కోసం 'ఆకాశ్' టాబ్లెట్‌ను విడుదల చేశారు. ప్రభుత్వం కొన్న ధర రూ.2,276. దానిది రెసిస్టివ్ తెర. సన్నని ఎడంతో ఉన్న రెండు విద్యుద్వాహక పొరలు నొక్కినచోట కలుస్తాయి. వేలైనా, పుల్లమొనైనా సరే. కానీ గట్టిగా నొక్కాలి.

2012 నవంబరు 11న వచ్చిన 'ఆకాశ్-2'లో కెపాసిటివ్ తెర పెట్టారు. మన శరీరం విద్యుద్వాహకం కనుక వేలు ఆనగానే అక్కడి విద్యుత్ క్షేత్రం మారుతుంది. ఇంగ్లండులో ఇ.ఎ. జాన్సన్ 1965లోనే వివరించిన పద్ధతి ఇది. తాకడం తేలికైంది, అయితే పుల్లమొనను ఈ తెర గుర్తించదు!

మరి సన్నని రాతకు దారేది? 2002 నుంచి వచ్చిన టాబ్లెట్ పీసీలలో చాలావాటికి తెర వెనుక తీగల వల ఉండేది. దాని సంకేతానికి కలంలోని చిన్న సర్క్యూట్ బదులిస్తుంది. కలం తెరను తాకకముందే దాని చోటు తెలుస్తుంది. చిక్కల్లా అదనపు ఖర్చే.

కనుక టాబ్లెట్ కొనేముందు అరచేయి తెరపై ఆనించి 'లక్ష్మి' అని రాసి చూడండి. వత్తులు కుదిరితే అది నిజంగా పలకే!