మందుబాబు, గంజాయి బ్యాచ్: ఒకే జబ్బుకు రెండు పేర్లు

తెలుగులో 'మందు' అంటే జ్వరానికి వేసుకునేదీ, సాయంత్రం పుచ్చుకునేదీ కూడా. తాగేవాడికి మన పత్రికలు పెట్టిన ముద్దుపేరు 'మందుబాబు'. డిసెంబరు 31 రాత్రి ట్రాఫిక్ పోలీసులతో గొడవపడే మందుబాబు వీడియో చూసి నవ్వుకుంటాం. అదే ఒక కుర్రాడు గంజాయితో దొరికితే వాడు 'గంజాయి బ్యాచ్'. అక్కడ నవ్వు ఉండదు, భయమూ అసహ్యమూ ఉంటాయి. వైద్యశాస్త్రంలో ఈ విభజన లేదు. అలవాటు అదుపు తప్పితే రెండూ ఒకే పద్దు కిందికి వస్తాయి: మత్తుపదార్థాల వినియోగ రుగ్మత.

తాగే ప్రతివాడూ రోగి కాడు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 గ్రంథం ఇందుకు 11 లక్షణాలు చెప్పింది. అనుకున్నదానికన్నా ఎక్కువ వాడటం, మానాలనుకుని మానలేకపోవడం, ఇల్లూ పనీ దెబ్బతింటున్నా ఆగలేకపోవడం, అదే మత్తుకు మోతాదు పెంచుకుంటూ పోవడం, ఆపితే ఒళ్లు తట్టుకోలేకపోవడం లాంటివి. ఏడాది వ్యవధిలో రెండు కనిపిస్తే రుగ్మత ఉన్నట్టు, ఆరు గానీ అంతకుమించి గానీ ఉంటే తీవ్రమైనట్టు. పాత కూర్పులో 'చట్టపరమైన చిక్కుల్లో పడటం' కూడా ఒక లక్షణంగా ఉండేది. దాన్ని ఈసారి తీసేశారు.

మన దేశంలో దీని విస్తృతిని కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ వైద్యులు కొలిచారు. 2019లో వెలువడిన ఆ సర్వే ప్రకారం 10-75 ఏళ్ల వారిలో దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి సాయం అవసరం. గంజాయి, భంగు వల్ల సాయం అవసరమైన స్థితికి చేరినవారు 72 లక్షలు, హెరాయిన్, నల్లమందు వంటివాటివల్ల 77 లక్షలు. తలల లెక్కన చూస్తే మన ప్రధాన మత్తు సమస్య లైసెన్సు దుకాణంలోనే ఉంది.

రాజ్యాంగం 47వ అధికరణ మత్తు పానీయాలనూ మత్తుమందులనూ ఒకే వాక్యంలో చెప్పి, వైద్య అవసరాలకు తప్ప నిషేధించే ప్రయత్నం చేయమంది. ఆచరణలో దారులు వేరయ్యాయి. మద్యం రాష్ట్రాల ఖజానాకు ఆదాయమైంది. మత్తుమందులు 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చాయి. దాని 27వ సెక్షన్ కింద, అమ్మడం సంగతి అటుంచి, వాడటమే నేరం: పదార్థాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే బానిసకు 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది గానీ, ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఇంకో విచిత్రం, పూత లేని గంజాయి ఆకు ఈ చట్టంలోని 'గంజాయి' నిర్వచనంలోకి రాదు. అందుకే ఉత్తరాదిలో సర్కారు అనుమతితో భంగు దుకాణాలు నడుస్తున్నాయి.

శరీరం ఈ చట్టాలేవీ చదవదు. మద్యం మెదడు పనిని నెమ్మదింపజేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగుతుంటే మెదడు ఆ బరువుకు ఎదురుగా నెట్టడం అలవాటు చేసుకుంటుంది. ఉన్నట్టుండి మద్యం ఆగితే బరువు పోతుంది, నెట్టడం ఆగదు. కొన్ని గంటల్లో చేతుల వణుకు, చెమటలు. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరిలో మతి తప్పి, లేని మనుషులు కనిపించే 'డెలీరియం ట్రెమెన్స్' మొదలవుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. హెరాయిన్ మానేటప్పుడు పడే యాతన నరకమే, కానీ దానివల్ల నేరుగా చనిపోవడం అరుదు. లోకం దీన్ని తలకిందులుగా నమ్ముతుంది. 'మగాడివైతే రేపే మానెయ్' అన్న సలహా నిత్యం తాగేవాడికి నిజంగా ప్రమాదం.

2020 మార్చి లాక్‌డౌన్‌లో దుకాణాలన్నీ ఒకేసారి మూతపడినప్పుడు ఇది కళ్లకు కట్టింది. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగుల తాకిడి పెరిగింది. కేరళలో ఆత్మహత్యలు జరిగాయి. డాక్టరు చీటీ ఉంటే మద్యం ఇవ్వవచ్చని అక్కడి ప్రభుత్వం మార్చి 30న ఉత్తర్వు ఇస్తే వైద్యులు ఎదురుతిరిగారు, ఏప్రిల్ 2న హైకోర్టు ఆపేసింది. వైద్యుల మాటే సబబు. దీనికి మందు సీసా కాదు, కొద్దిరోజుల పర్యవేక్షణ, బెంజోడయాజెపైన్ మాత్రలు, థయమిన్ అనే బి1 విటమిన్.

తెలంగాణ కల్తీ కల్లు సంగతి ఇంకా చిత్రం. అందులో కలిపే ఆల్ప్రాజోలం ఎన్‌డీపీఎస్ జాబితాలోని పదార్థం. సాయంత్రం కల్లు కాంపౌండుకు వెళ్లే కూలీ తనను డ్రగ్స్ వాడేవాడిగా ఎన్నడూ అనుకోడు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీపై దాడులు చేసి సరఫరా ఆపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకుతో, మూర్ఛలతో, పిచ్చి చేష్టలతో ఆస్పత్రుల్లో చేరారు. దాడులు చేయాల్సిందే. వాటికి ముందే ఆస్పత్రులను సిద్ధం చేయడం ఎక్సైజ్ శాఖ పని కాదనుకోవడమే తప్పు.

అదే సర్వేలోని మరో లెక్క నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. చట్టవిరుద్ధ మత్తుమందులకు బానిసలైనవారిలో 20 మందికి ఒకరు ఏదో ఒక చికిత్స పొందామన్నారు. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే. మనం చూసి నవ్వుకునేవాడికే చికిత్స మరింత దూరంగా ఉంది. వాడి ఇంట్లోవాళ్లు కూడా దాన్ని జబ్బు అనుకోరు, గుణం అనుకుంటారు. భార్య ఏళ్ల తరబడి దాచిపెడుతుంది. ఆస్పత్రి గుర్తొచ్చేది కాలేయం చెడ్డాకే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను మానసిక అనారోగ్యంగానే గుర్తించింది. ప్రభుత్వ వైద్యం పొందే హక్కు వీరికీ ఉంది. రోగిని గొలుసులతో కట్టేయడాన్ని అదే చట్టం నిషేధించింది. కాబట్టి డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చే ముందు రిజిస్ట్రేషన్ ఉందో లేదో, డాక్టరు ఉంటారో లేదో అడగడం కుటుంబం హక్కు. సలహా కోసం కేంద్ర ప్రభుత్వ నషా ముక్త్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416.