రిపోర్టు వచ్చినా వదలని భయం: లైంగిక వ్యాధి అనుమానం మీద ఒక పరిశీలన

హెచ్‌ఐవీ పరీక్షలో నెగటివ్ వచ్చిన మనిషికి ఇక అక్కడ పనేమీ లేదని మన వ్యవస్థ అనుకుంటుంది. కౌన్సిలర్ రిపోర్టు చేతికిస్తారు, నాలుగు జాగ్రత్తలు చెబుతారు, తరవాతి వాళ్లను పిలుస్తారు. కొందరు మాత్రం ఆ కాగితం పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు. "మేడమ్, శాంపిల్ మారిపోయే అవకాశం ఏమైనా ఉందా?" అని అడుగుతారు. వారం తిరక్కుండా ఇంకో ల్యాబ్‌లో, ఇంకో ఊళ్లో, ఒక్కోసారి ఇంకో పేరుతో మళ్లీ రక్తం ఇస్తారు. ఈ వ్యాసం వాళ్ల గురించి. నా వాదన ఒక్కటే. వాళ్లు ల్యాబ్‌ను రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. "నాకు జబ్బు అంటుకుందా?" అన్నది మొదటిది. "నేను చేసిన పని నన్ను వదిలిపెడుతుందా?" అన్నది రెండోది. రక్తపరీక్షకు మొదటి ప్రశ్న మాత్రమే అర్థమవుతుంది. ఈ రెంటినీ విడదీయనంత కాలం ఎన్నిసార్లు సూది గుచ్చినా ఆ మనిషికి నిద్ర పట్టదు.

రెండో ప్రశ్న ఎక్కడ పుట్టిందో మన మాటల్లోనే జాడలున్నాయి. సిఫిలిస్‌ను సవాయి అన్నాం, గనేరియాను సెగ అన్నాం, గజ్జల్లో బిళ్ల కడితే అడ్డగర్ర అన్నాం. ఇవి ఒంటికి సంబంధించిన మాటలు, వీటిలో తీర్పు లేదు. పదహారో శతాబ్దపు భావప్రకాశంలో సిఫిలిస్‌కు ఫిరంగ రోగమని పేరు. ఓడల్లో వచ్చిన ఫిరంగులతో, అంటే పరదేశీయులతో, వచ్చిన జబ్బు కాబట్టి నింద వాళ్ల మీదికి పోయింది. సుఖవ్యాధి అనేసరికి ఆ నింద ఇంటికి తిరిగొచ్చింది. సుఖపడ్డావు, ఇప్పుడు అనుభవించు అన్న ధ్వని ఆ మాటలోనే ఉంది. బస్టాండు గోడల మీద, లాడ్జీల ముందు "రహస్య వ్యాధులకు" అని రాసి ఫోన్ నంబరు వేసే ప్రకటనలు దానికి గుట్టును కూడా జోడించాయి. లైంగిక వ్యాధులు నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి మందులు, మాయచికిత్సల ప్రకటనల చట్టం నిషేధించింది. గోడలు మాత్రం ఖాళీ కాలేదు.

2000ల తొలి ఏళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెరిగినవారికి "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న హోర్డింగులు గుర్తుండే ఉంటాయి. ఆ ప్రచారాన్ని తక్కువ చేయను. ఎయిడ్స్ మాటను అది టీకొట్ల దగ్గరికి, కాలేజీ వరండాల్లోకి తెచ్చింది. అయితే అది జనం మనసుల్లో నాటిన వాక్యం ప్రశ్నార్థకంతో ముగిసింది. ఎంత ప్రమాదం, ఎన్నాళ్లకు తేలుతుంది, తేలాక ఏం చేయాలి అన్న జవాబులు అంత పెద్ద అక్షరాల్లో ఎక్కడా కనబడలేదు. ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాణ్ని ఆ ప్రశ్న ఆసుపత్రికి నడిపించి ఉండవచ్చు. అసలే బెంగపడే స్వభావం ఉన్నవాడికి అది తన పేరు పెట్టి అడిగినట్టే వినిపిస్తుంది.

అందుకే ముందు మొదటి ప్రశ్నకు జవాబు తిన్నగా చెప్పాలి. హెచ్‌ఐవీ సోకే అవకాశం నిజంగా ఉన్న సంఘటన జరిగితే 72 గంటల్లోపు డాక్టరును కలవాలి, ఎంత తొందరగా వెళితే అంత మంచిది. వైరస్ పాతుకుపోకుండా 28 రోజులు వాడే మందులున్నాయి. భయం విషయం ఆ తరవాత మాట్లాడుకోవచ్చు. ఇక లెక్కలు. భాగస్వామికి హెచ్‌ఐవీ ఉండి, చికిత్స లేకుండా, కండోమ్ వాడకుండా జరిగిన ఒక యోని సంభోగంలో పురుషుడికి సోకే అవకాశం 10,000కి 4 దాకా, స్త్రీకి 8 దాకా ఉంటుందని అంచనా. ఆసన సంభోగంలో స్వీకరించే వ్యక్తికి అది 138. భాగస్వామి మందులు వాడుతూ రక్తంలో వైరస్ కనబడని స్థితిలో ఉంటే లైంగికంగా సోకదు. సిరంజిలో తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేసే యాంటీజెన్, యాంటీబాడీ పరీక్ష సంఘటన జరిగిన 18 నుంచి 45 రోజుల మధ్య వైరస్‌ను పట్టుకోగలదు. యాంటీబాడీలను మాత్రమే వెతికే పరీక్షలకు 23 నుంచి 90 రోజులు పడుతుంది. సిఫిలిస్ పుండు 10 నుంచి 90 రోజుల్లో, ఎక్కువమందిలో మూడు వారాలకు పైకొస్తుంది. అది నొప్పి పెట్టదు, అందుకే కంట పడకుండా పోతుంది. గనేరియా మగవాళ్లలో చాలావరకు వారం లోపే బయటపడుతుంది, ఒక్కోసారి ఏ గుర్తూ లేకుండానూ ఉంటుంది. ఈ రెండూ మందులతో పూర్తిగా నయమవుతాయి.

ఈ అంకెలు చెబితే బెంగ తీరుతుందని చాలామంది డాక్టర్లు నమ్ముతారు. తీరదు. "ఆ నలుగురిలో నేనొకణ్ని" అంటాడు బెంగపడే మనిషి.

ఇలాంటి ఒక యువకుణ్ని ఊహించుకుందాం. ఒక్కరి కథ తీసుకోవడం లేదు, ఈ బెంగకు మామూలుగా ఉండే లక్షణాలన్నీ ఒకచోట చేరుస్తున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, స్నేహితులతో కలిసి అద్దె గది, ఊళ్లో అతనికి సంబంధాలు చూస్తున్నారు. నెల కింద ఒక రాత్రి జరిగిన దాంట్లో కండోమ్ చినిగింది. అప్పటి నుంచి పొద్దున్నే బాత్‌రూమ్ గడియ వేసుకుని, ఫోన్ టార్చి వేసి, అద్దంలో నాలుక చాపి చూసుకుంటాడు. తెల్లటి పూత నిన్నటికన్నా ఎక్కువుందేమోనని ఫొటో తీసి, నిన్నటి ఫొటో పక్కన పెట్టి పోల్చుకుంటాడు. దవడ కింద బిళ్లలున్నాయేమోనని వేళ్లతో నొక్కుతాడు. రోజుకు ముప్పైసార్లు నొక్కితే అక్కడ నొప్పి పుట్టక ఏం చేస్తుంది? ఆ నొప్పే కొత్త రుజువవుతుంది. మర్మాంగం చుట్టూ వరసగా ఉన్న సన్నటి పొక్కులు పదహారేళ్ల వయసు నుంచీ ఉన్నవే. చాలామంది మగవాళ్లకు ఉంటాయి, అవి జబ్బు కాదు. ఇన్నేళ్లలో వాటి వంక చూడలేదు గనక ఇప్పుడే వచ్చాయనుకుంటాడు. డెట్టాల్‌తో కడుగుతాడు, చర్మం మండి ఎర్రబడుతుంది, ఆ ఎరుపు చూసి గుండె జారిపోతుంది. అన్నం సహించదు. సహించకపోతే బరువు తగ్గుతాడు. బరువు తగ్గడం ఎయిడ్స్ లక్షణమని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

రాత్రి అమ్మ ఫోన్ చేస్తుంది. "గొంతు అలా ఉందేంట్రా? తిన్నావా నాన్నా?" అంటుంది. శనివారం ఒక సంబంధం వాళ్లు వస్తున్నారని చెబుతుంది. అతను సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పి పెట్టేస్తాడు.

కొత్తగా హెచ్‌ఐవీ సోకినవారిలో రెండు నుంచి నాలుగు వారాలకు జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు, బిళ్లలు రావచ్చు. కొందరిలో అవి గమనించేంతగా ఉండవు. అలాంటి లక్షణాలు మామూలు వైరల్ జ్వరాల్లోనూ ఉంటాయి. ఆందోళన ఒక్కటే నోరు ఎండబెడుతుంది, చెమట పట్టిస్తుంది, కడుపు పాడుచేస్తుంది. కాబట్టి ఒంట్లో కనబడే గుర్తులను బట్టి సోకిందనీ చెప్పలేం, సోకలేదనీ చెప్పలేం. తేల్చేది తగిన రోజున చేసిన పరీక్ష మాత్రమే. ఈ మాట అతనికి మొదటి రోజే చెప్పాలి.

ఆందోళన ఎందుకు తగ్గదన్నదానికి నాకు అన్నిటికన్నా పనికొచ్చిన వివరణ 1986లో పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ రాసిన వ్యాసంలో దొరికింది. ఒంటిని తడిమి చూసుకోవడం, డాక్టరును మళ్లీ మళ్లీ అడగడం, "ఏం కాదులే" అని ఇంకొకరి నోట అనిపించుకోవడం, ఇవి కాసేపు ఊరటనిస్తాయి. ఆ ఊరటే అలవాటును గట్టిపరుస్తుంది. దురద గోకిన కొద్దీ పెరిగినట్టు, ధైర్యం అడిగిన కొద్దీ అధైర్యం పెరుగుతుంది. అనుమానం పెనుభూతం అని మనవాళ్లు ఊరికే అనలేదు. భూతానికి రోజూ ముద్ద పెడుతున్నది ఆ ఊరటే. మన దేశంలో హెచ్‌ఐవీ మొదటిసారి చెన్నైలో బయటపడిందీ అదే 1986లో. వైరస్ మీద దేశం ఎంతో ముందుకొచ్చింది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులివ్వడం మొదలైంది, 2017 నుంచి సోకిందని తేలిన ప్రతి ఒక్కరికీ చికిత్స అందుతోంది. భయం మాత్రం మందుల్లేని రోజుల పుర్రె బొమ్మ పోస్టరు దగ్గరే ఆగిపోయింది.

ఈ బాధకు చికిత్స ఉంది. ఇంగ్లండ్‌లో ఒక లైంగిక ఆరోగ్య క్లినిక్‌కు వచ్చేవాళ్లలో ఆరోగ్య భయం ఎక్కువగా ఉన్న 49 మంది మీద చేసిన అధ్యయనం 2008లో అచ్చయింది. ఆలోచననూ అలవాటునూ సరిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అందినవారిలో భయం ఎక్కువగా తగ్గింది. తరవాత పీటర్ టైరర్ బృందం ఆసుపత్రుల్లో ఇతర విభాగాల్లోని 444 మంది రోగులతో పెద్ద అధ్యయనం చేసింది. అంతకుముందు మనస్తత్వ చికిత్స అనుభవం లేని ఆరోగ్య సిబ్బందికే తర్ఫీదిచ్చి చేయించారు. ఏడాది తరవాత మామూలు స్థితికి వచ్చినవాళ్లు చికిత్స పొందినవారిలో 14 శాతం, పొందనివారిలో 7 శాతం. గొప్ప అంకెలేమీ కావు. అయినా మనకు ఇందులో ఒక విలువైన సంగతి ఉంది. మానసిక నిపుణులు అందుబాటులో లేనిచోట, తర్ఫీదు పొందిన నర్సు, కౌన్సిలర్ ఈ పని చేయగలరు. ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రాలైన మన ఐసీటీసీల్లో కౌన్సిలర్లు ఇప్పటికే కూర్చుని ఉన్నారు.

అయితే ఆ అధ్యయనాల్లో నాకు లోటుగా తోచింది రెండో ప్రశ్నే. మన దగ్గర ఈ భయానికి అడుగున తప్పు చేశానన్న భావం ఉంటుంది. "పాపం పండింది" అన్న మాట ఎలా పనిచేస్తుందో చూడండి. పాపం పండటానికి టైము పడుతుంది, సోకాక పరీక్షలో తేలేదాకా పట్టే విండో పీరియడ్ లాగే. అందుకే నెగటివ్ రిపోర్టు అతనికి విడుదలగా కాక వాయిదాలా కనబడుతుంది. శిక్ష పడితే తప్ప లెక్క సరిపోదని లోపల నమ్మినవాడికి, శిక్ష లేదన్న కాగితం తప్పుడు కాగితమే అనిపిస్తుంది. ఆ నమ్మకాన్ని పలకరించకుండా మరో పరీక్ష రాసిపంపడం అతణ్ని అదే చట్రంలో తిప్పడమే.

పెళ్లయినవాడైతే భార్యకు అంతా చెప్పేయాలన్న తహతహ పుడుతుంది. ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పరీక్ష తేలేదాకా కండోమ్ వాడటమో దూరంగా ఉండటమో ఆమె పట్ల అతని బాధ్యత, అందులో బేరం లేదు. జబ్బు తేలితే ఆమెకు తెలియాలి, ఆమెకూ పరీక్ష, చికిత్స అందాలి. కానీ తన గుండె బరువు దించుకోవడానికి అర్ధరాత్రి లేపి చెప్పడం వేరు. అది అతని బెంగను ఆమె నెత్తిన పెట్టి, ఇక రోజూ ఆమెతోనే "ఏం కాదు" అనిపించుకోవడానికి దారితీస్తుంది.

ఆడవాళ్ల గురించి ఇంకోలా మాట్లాడాలి. భర్త పని మీద నెలల తరబడి దూరాన ఉండి వస్తే, తనకేమైనా అంటిందేమోనని భయపడే ఇల్లాలిని బెంగ జబ్బు మనిషని తేలిగ్గా అనకూడదు. ఆమె ప్రమాదం చాలాసార్లు నిజమైనదే. ఆమె చేతిలో లేనిది దాన్ని తగ్గించే నిర్ణయం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు మామూలుగా చేస్తారు. చాలామంది ఆడవాళ్లకు ఆ ప్రశ్న గట్టిగా అడగడానికి దొరికే మర్యాదైన సందర్భం అదొక్కటే. అడిగిన రోజున ఆమెకు జవాబుతోపాటు కాస్త ఏకాంతం కూడా దొరకాలి.

పరీక్ష కోసం రక్తదాన శిబిరానికి వెళ్లేవాళ్ల సంగతీ చెప్పాలి. గుట్టుగా, ఉచితంగా తేలిపోతుందని అనుకుంటారు. సోకిన తొలి రోజుల్లో పరీక్షకు అందని వైరస్ ఆ రక్తంతో ఇంకొకరికి చేరవచ్చు. ఐసీటీసీలో పరీక్ష ఉచితమే. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. 1097కు ఫోన్ చేస్తే దగ్గరి కేంద్రం ఎక్కడుందో చెబుతారు. నిద్ర లేక, బతకాలనిపించక ఉన్నవాళ్లు ఏ రోజైనా టెలీ మానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయవచ్చు.

నేను కోరేది చిన్న మార్పు. మొదటి రోజే కౌన్సిలర్ ఒక చీటీ మీద ఒక తేదీ రాయాలి. ఆ రోజు ఏ పరీక్ష, ఎక్కడ, అన్నది కూడా రాయాలి. అప్పటిదాకా ఇంకో ల్యాబ్‌కు వెళ్లకూడదని, అద్దం ముందు టార్చి పట్టకూడదని ఒప్పందం చేసుకోవాలి. నొక్కి చూసుకోవాలనిపిస్తే పది నిమిషాలు ఆగమనాలి, రేపు ఇరవై నిమిషాలు. మనసు ఆగదు, ఆగకపోతే పోనివ్వండి. చెయ్యి ఆగితే చాలు.

ఆ తేదీన మన యువకుడు వస్తాడు. రిపోర్టు నెగటివ్. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడి, శాంపిల్ గురించి అడగబోతాడు. బయట బెంచీ మీద తరవాతి మనిషి ఎదురుచూస్తున్నాడు. కౌన్సిలర్ తలుపు చేరవేసి కుర్చీ చూపిస్తుంది. "కూర్చోండి. రక్తం సంగతి ఇవాళ్టితో అయిపోయింది, దాని గురించి ఇక మాట్లాడుకోం. ఆ రాత్రి నుంచి మిమ్మల్ని మీరు ఏమని తిట్టుకుంటున్నారో చెప్పండి."