బోర్డు మీద 140, రాడార్‌లో ఎంత?

మొన్న క్యాంపులో మళ్లీ అదే పంచాయితీ. కొత్తగా లైసెన్స్ తీసుకున్న తమ్ముడొకడు, "బోర్డు మీద ఎంతుంటే దానికి ఇంకో 20 కలుపుకోవచ్చట గదా" అన్నాడు. కలుపుకోవచ్చు, కానీ ఎక్కడ? ఈ 20 కథ సరిగ్గా తెలియక మాలో కొందరం జీతాలు కోయించుకున్నాం. అందుకే కాస్త వెనక నుంచి చెప్తున్నాం, ఓపికగా చదవండి.

స్పీడు లిమిట్ అంటే ప్రాణాల కోసమే పెట్టారనుకుంటాం. అన్నిచోట్లా అలా కాదు. 1973 అక్టోబర్ యుద్ధం వచ్చినప్పుడు అరబ్ దేశాలు అమెరికాకు నూనె ఆపేశాయి. అక్కడ బంకుల ముందు కార్లు బారులు తీరాయి. 1974 జనవరి 2న నిక్సన్ సంతకం పెట్టిన చట్టంతో దేశమంతా గంటకు 55 మైళ్లు దాటొద్దన్నారు. మన లెక్కలో 88 కిలోమీటర్లు. జర్మనీ కూడా ఆటోబాన్ మీద కొన్ని నెలలు 100 పెట్టి తర్వాత ఎత్తేసింది. మనం బతకడానికొచ్చిన ఈ గల్ఫ్ నూనె ఆగితే అక్కడి కార్లు మెల్లగా నడిచాయన్నమాట!

పెట్టింది పెట్రోల్ కోసమే. కానీ అమెరికాలో 1973లో 54 వేలు దాటిన రోడ్డు చావులు మరుసటేడు 45 వేల చిల్లరకు దిగాయి. జనం బండ్లు తక్కువ తీయడం కూడా ఒక కారణమే అనుకోండి. నూనె కష్టం తీరిపోయినా ఆ చట్టం, మధ్యలో కొంచెం సడలించినా, 1995 దాకా నడిచింది.

ఇక మన ఎమిరేట్స్ సంగతి. ఇక్కడ 'బఫర్' అని ఉండేది. బోర్డు 120 అంటే 140 దాటాకే రాడార్ ఫ్లాష్ కొట్టేది. అబుదాబి 2018 ఆగస్టు 12న దాన్ని తీసేసింది. బోర్డుల మీద అంకెలు పెంచి, బోర్డు ఎంతో రాడార్ అంతే అంది. దుబాయ్‌లో మాత్రం బఫర్ అలాగే ఉంది. ఒకటే రోడ్డు, ఘంటూత్ వచ్చేసరికి లెక్క మారిపోతుంది.

అదే మా గదిలో అన్నను ముంచింది. కంపెనీ కారులో దుబాయ్ నుంచి వస్తూ, 140 బోర్డు చూసి, పాత అలవాటు కొద్దీ 155 మీద పోయాడు. మూడు రాడార్లు. 20 లోపు దాటితే 300 దిర్హాములు, అంటే మొత్తం 900. కంపెనీ ఒక్క మాట అడక్కుండా జీతంలో కోసేసింది. ఆ నెల ఇంటికి పంపింది సగమే. బిడ్డ ఫీజుకు మేమే తలా కొంచెం వేశాం.

మెల్లగా పోతే చాలనుకుంటే అదీ కాదు. 2023లో అబుదాబి వైపు షేక్ మొహమ్మద్ బిన్ రాషిద్ రోడ్డు మీద ఎడమ రెండు లేన్లలో 120కి తగ్గితే 400 ఫైన్ పెట్టారు. 2025 ఏప్రిల్‌లో ఆ కనిష్ఠ వేగం రూల్ తీసేశారు. అదే నెలలో స్వేహాన్ రోడ్డును 120 నుంచి 100కు దించారు. అటు డ్యూటీ ఉన్న తమ్ముళ్లు పాత 120నే మనసులో పెట్టుకుని పోకండి.